ఆ పాలు సింకులో పొయ్యకే

ఒసేయ్ రాజీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. అమ్మ బాగానే ఉంది, అద్దె పెరిగింది, ఎండలు సరేసరి.

అసలు సంగతికొస్తా. రుషికొండ ఆఫీసులో పంపుతో పిండిన నీ పాలు సింకులో పారబోస్తున్నానని రాశావే, ప్రాణం ఉసూరుమంది! 1500 గ్రాములు కూడా తూగని పసికందులకి తల్లిపాలు అందనప్పుడు మిల్క్ బ్యాంకు (వేరే తల్లులు దానమిచ్చిన పాలు దాచే చోటు) పాలే దిక్కు. డబ్బా పాలతో వచ్చే పేగుల జబ్బు ముప్పు వీటితో తగ్గుతుంది. అంత చిన్న ప్రాణానికి మొదట్లో పూటకి కొద్ది మిల్లీలీటర్లే చాలు. నువ్వు పారబోసేది ఎన్ని పూటలో లెక్కేసుకో.

ముందు మన బుడంకాయ కడుపు నిండాలి, మిగిలితేనే దానం. ఏ ఆసుపత్రి తీసుకుంటుందో ఫోన్ చేసి కనుక్కో. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ రిపోర్టులు అడుగుతారు, కాన్పు ఫైలు దాచావుగా? వాడే మందులన్నీ చెప్పు. డబ్బులివ్వరు. తల్లిపాలు అమ్మడం కుదరదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) 2024లో తేల్చి చెప్పింది కూడా.

చేతులు సబ్బుతో కడుక్కోవడం దగ్గర మాత్రం బద్ధకించకు. బ్యాంకులో చాలామంది తల్లుల పాలు కలిపి 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేస్తారు. కొన్ని క్రిములు ఆ వేడికీ చావవు. కల్చర్ పరీక్షలో (క్రిములు పెరుగుతాయేమో చూస్తారు) అవి కనబడ్డాయా, కలిపినవన్నీ పారబోయాల్సిందే, నీ ఒక్కదానివే కాదు.

పిండగానే తేదీ, టైము రాసి ఆఫీసు ఫ్రిజ్‌లో లోపలికి పెట్టు. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. బయట నాలుగు గంటలన్నది 25 డిగ్రీల లోపు మాట. మన విశాఖ ఉక్కకి ఆ లెక్క నమ్మకు. మధురవాడ నుంచి గాజువాక దాకా బస్సులో ఐస్ ప్యాకుల సంచీ తప్పనిసరి. ఇంటికెళ్ళగానే ఫ్రీజర్. డబ్బా నిండా పొయ్యకు, గడ్డకడితే ఉబ్బుతుంది. గడ్డకట్టిన పాల మీద వెచ్చటివి పొయ్యకు, పైపొర కరుగుతుంది. కరిగినవి మళ్ళీ గడ్డకట్టించి ఇవ్వనే ఇవ్వకు. హుద్‌హుద్ తుఫాను అప్పటిలా కరెంటు పోతే ఆ ఫ్రీజర్ తలుపు ముట్టుకోకు, మీ అత్తగారికీ చెప్పు (చెప్పగలిగితే!).

పాలు తగ్గిపోయాయని ఏడుస్తున్నావు గానీ, పంపులో తెల్ల సిలికాన్ వాల్వు చూశావా? వెంట్రుకంత చీలినా లాగుడు తగ్గిపోతుంది. రొమ్ముకి ఆనించే గరాటు సైజు కూడా చూసుకో. చిన్నదైతే ఒరుసుకుంటుంది, పెద్దదైతే చుట్టూ ఉన్న చర్మం లోపలికొచ్చి నొప్పెడుతుంది. మేనేజరు గొణిగితే, బిడ్డకి 15 నెలలొచ్చేదాకా పాలిచ్చేందుకు రోజుకి రెండు విరామాలు చట్టమే ఇచ్చిందను.

అన్నట్టు, కరిగించిన పాలు సబ్బు వాసనొస్తే పాడైనట్టు కాదు, అందులో లైపేజ్ అనే ఎంజైము కొవ్వుని... సర్లే, కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. వాల్వు ఇవాళే చూసుకో.

నీ
పద్దు