డిశ్చార్జి చీటీలో ఒత్తిగిల్లించే వేళలూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చినవారు, తుంటి విరిగినవారు హైదరాబాద్ ఆసుపత్రుల నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి చీటీలో మందుల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. రోగిని ఎన్ని గంటలకోసారి, ఎలా ఒత్తిగిల్లించాలో చాలా చీటీల్లో ఉండదు. మేం చూసే పడక పుండ్లలో ఎక్కువ భాగం ఈ లోపం వల్ల వచ్చేవే.

ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే కండకు రక్తం అందదు. కదలకుండా ఉంటే రెండు గంటల్లోనే దెబ్బ మొదలు కావచ్చు. నడుము కింది ఎముక, తుంటి పక్కలు, మడమలు, తల వెనక రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా అలాగే ఉంటే అది పుండు మొదటి దశ. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి వేడి, గట్టిదనం చేత్తో తడిమి పసిగట్టాలి. అక్కడ మర్దన చేస్తే అప్పటికే దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది. పిరుదుల కింద గాలి నింపిన గుండ్రటి రబ్బరు ట్యూబు పెట్టడం కూడా వద్దు, దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపుతుంది.

రెండు గంటలకోసారి ఎడమ, వెల్లకిల, కుడి. పూర్తి పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలే వాల్చాలి. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. రోగిని లాగకూడదు, నడుము కింద అడ్డంగా వేసిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తి జరపాలి. తలవైపు మంచం బాగా లేపితే రోగి కిందికి జారుతాడు. చర్మం పరుపుకు అంటుకుపోయి, లోపల ఎముక జారి, రక్తనాళాలు నలుగుతాయి. తినిపించేటప్పుడు లేపక తప్పదు, తర్వాత అరగంట, గంటలో తలవైపును 30 డిగ్రీలకు దించాలి.

ఎయిర్ బెడ్ (మోటారుతో గాలి నిండే పరుపు) కొన్నాం, ఇక తిప్పక్కర్లేదనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పిరుదుల కింద, పరుపు అడుగున అరచేయి పెట్టి చూడండి. ఎముక చేతికి తగిలేట్టుంటే గాలి చాలలేదన్నట్టే, కనీసం అంగుళం మందం ఉండాలి. దానిపై రబ్బరు షీటు, రెండు మూడు దుప్పట్లు పరిస్తే ప్రయోజనం పోతుంది. కరెంటు పోతే మోటారు ఆగుతుందని గుర్తుంచుకోండి.

డైపరు తడిస్తే వెంటనే మార్చి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము రాయాలి. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది, పౌడరు తడికి ఉండకడుతుంది. తిండి సంగతి: పుండు ముప్పున్నవారికి రోజుకు కిలో బరువుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 60 గ్రాములు దాటాలి. గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే, జావ మీద నెట్టుకొస్తే ఎక్కడ సరిపోతుంది? కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడగాలి.

ఇంటికి పంపేముందు రోగిని చూసుకునేవారి చేత నర్సు ఎదుట రెండుసార్లయినా ఒత్తిగిల్లింపజేయాలి. చీటీ వెనక వేళల పట్టిక అచ్చువేయాలి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ వంటి పెద్దాసుపత్రులు ఈ పని మొదలుపెట్టాలని వైద్యాధికారులను కోరుతున్నాం.

– ఇళ్లకు వెళ్లి సేవలందించే నర్సులు, హైదరాబాద్