టెరిటోరియల్ ఆర్మీకి మూలం తెల్లవాళ్ల వలంటీరు దళం కాదు

సంపాదకుడు గారికి,

ఏటా అక్టోబరు 9న టెరిటోరియల్ ఆర్మీ (వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే అవసరమైనప్పుడు సైన్యానికి తోడు నిలిచేవాళ్ల దళం) దినం వస్తుంది. ఆ సందర్భంగా రాసేవాళ్లలో చాలామంది బ్రిటిష్ కాలపు వలంటీరు దళాలే 1949లో టెరిటోరియల్ ఆర్మీగా మారాయని తేల్చేస్తుంటారు. నిజానికి అప్పట్లో ఉన్నవి రెండు వేర్వేరు దళాలు. వాటిని విడదీసింది ఒంటి రంగు. రెంటినీ కలిపి రాస్తే ఆ సంగతే మరుగున పడిపోతుంది.

1869 వలంటీర్ల చట్టం కింద ఊరూరా ఏర్పడిన రైఫిల్ దళాల్లో ఉన్నది యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. విశాఖపట్నం రైఫిల్ వలంటీర్లూ ఆ కోవలోని వాళ్లే. 1885లో రష్యాతో యుద్ధం వస్తుందన్న గుబులు పుట్టినప్పుడు మమ్మల్నీ చేర్చుకోమని భారతీయులు అర్జీలు పెట్టుకున్నారు. మరుసటి ఏడు కలకత్తా కాంగ్రెస్ మహాసభ అదే కోరుతూ తీర్మానం చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం వచ్చింది. యూరోపియన్లకు అది నిర్బంధం, భారతీయులకు ఐచ్ఛికం. యుద్ధం ముగిశాక 1920లో ఒకదాని వెనుక ఒకటిగా రెండు చట్టాలు చేశారు. పాత వలంటీరు దళాల కొనసాగింపైన ఆగ్జిలరీ ఫోర్స్ (సహాయక దళం) యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ, ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ మనవాళ్లకూ.

అసలు తిరకాసు షరతుల్లో ఉంది. ఆగ్జిలరీ ఫోర్స్ వాడి బాధ్యత తన ప్రాంతం వరకే. అతని ఇష్టం లేకుండా బయటికి పంపడానికి వీల్లేదు. మనవాడు ఆరేళ్లకు సంతకం చేయాలి, పిలుపు వస్తే దేశంలో ఎక్కడికైనా వెళ్లాలి, ప్రత్యేక ఉత్తర్వు వస్తే దేశం దాటాలి. ఇంత బరువు మోపి ఇచ్చిన శిక్షణ ఏడాదికి 28 రోజుల శిబిరం. మిగతా పదకొండు నెలలు చేతికి తుపాకీ తగలదు. నేర్చుకున్న గురి మళ్లీ శిబిరం నాటికి మొద్దుబారుతుంది. ఆగ్జిలరీ ఫోర్స్‌కు మాత్రం ఊళ్లోనే ఆయుధాగారం ఉండేది, డ్రిల్లు నేర్పడానికి బ్రిటిష్ సైన్యపు సార్జెంట్లు ఉండేవారు. తేడా తీసేయమని కేంద్ర శాసనసభలో మనవాళ్లు అడిగారు, సర్ జాన్ షే అధ్యక్షతన వేసిన కమిటీ 1925లో నివేదిక ఇచ్చింది. రెండు దళాలూ చివరిదాకా రెండుగానే మిగిలాయి.

ఆగ్జిలరీ ఫోర్స్ ఎందుకుందో చూడాలంటే రైల్వేల వైపు చూడాలి. రైల్వే కంపెనీల్లో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులకు ఆ దళంలో చేరడం ఉద్యోగంతోపాటు వచ్చిపడే బాధ్యత. వాల్తేరు దాకా వచ్చిన బెంగాల్ నాగపూర్ రైల్వేకి సొంతంగా ఒక పటాలమే ఉండేది. 1927లో వి.వి. గిరి ముందుండి నడిపిన ఆ రైల్వే కార్మికుల సమ్మెలో, ఎందరో తెలుగువాళ్లు పనిచేసే ఖరగ్‌పూర్‌లో, సమ్మెకారుల మీదికి దింపినవాళ్లలో ఈ దళమూ ఉంది. పక్క టేబుల్ దగ్గర కూర్చునే గుమాస్తా మర్నాడు బాయొనెట్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డమంటే ఏమిటో ఊహించుకోవచ్చు.

1930 ఏప్రిల్ 18న చిట్టగాంగులో సూర్యసేన్ దళం దాడి చేసిన రెండు ఆయుధాగారాల్లో ఒకటి పోలీసులది, రెండోది ఈ ఆగ్జిలరీ ఫోర్స్‌దే. రైఫిళ్లు దొరికాయి, లూయిస్ మెషిన్ గన్లు దొరికాయి, వాటిలో వేసే తూటాలు దొరకలేదు. ఆ దాడి ఆశించినంతగా సాగకపోవడానికి అదొక పెద్ద కారణం. (అల్లూరి మీదికి వచ్చిన మలబార్ స్పెషల్ పోలీసులనూ, అస్సాం రైఫిల్స్‌నూ కూడా కొందరు ఈ గాటనే కట్టేస్తున్నారు. వాళ్లు పూర్తికాలం జీతగాళ్లు.)

పాత పటాల పేర్లు చదివేవాళ్లకు ఒక గుర్తు చెప్పవచ్చు. 1922 పునర్వ్యవస్థీకరణ తర్వాత టెరిటోరియల్ పటాలాలకు 11 నుంచి సంఖ్యలు వేశారు. 11/3 అని ఉంటే 3వ మద్రాస్ రెజిమెంటు టెరిటోరియల్ పటాలం అన్నమాట. ఆగ్జిలరీ ఫోర్స్ పతకాల అంచున ఎ.ఎఫ్.ఐ. (ఆగ్జిలరీ ఫోర్స్, ఇండియా) అని చెక్కి ఉంటుంది. పేర్లు చూసి మోసపోవడమూ తేలికే. హైదరాబాద్ రైఫిల్స్ ఆగ్జిలరీ ఫోర్స్‌లోది, నిజాం సైన్యం కాదు. 19వ హైదరాబాద్ రెజిమెంటేమో భారత సైన్యంలోది, 1945లో కుమావూ రెజిమెంటుగా పేరు మారింది.

ఒకప్పుడు సిపాయి అంటే తెలంగావాడే, అంటే తెలుగువాడే, అన్నట్టుండేది. అలాంటి మద్రాసు సైన్యపు రెగ్యులర్ పటాలాలను 1920ల చివరికల్లా రద్దు చేశారు. 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టేదాకా ఆ పేరు బతికింది టెరిటోరియల్ పటాలాల్లోనే. విద్యార్థుల కోసం 1920 టెరిటోరియల్ ఫోర్స్ చట్టం కిందే నడిచిన యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ నుంచి 1948లో ఎన్‌సీసీ పుట్టింది. యుద్ధానికి పిలిచే షరతు విద్యార్థులకు లేదు. ఆగ్జిలరీ ఫోర్స్ మాత్రం 1947తోనే పోయింది, దానికి వారసులు లేరు.

కాబట్టి వచ్చే అక్టోబరు వ్యాసంలో వంశవృక్షాన్ని 1920 టెరిటోరియల్ ఫోర్స్ చట్టం నుంచి మొదలుపెట్టమని మనవి. వలంటీరు దళాల ప్రస్తావన తప్పనిసరైతే, అందులోకి మనవాళ్లను రానివ్వలేదన్న ముక్క కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం