కొబ్బరి తోటలో మూలబిందువు

సంపాదకులకు,

మీ పత్రిక విద్యార్థుల పేజీలో నిరూపక జ్యామితి (బిందువు ఉన్న చోటును రెండు అంకెలతో చెప్పే గణితం) మీద వచ్చిన బిట్లు చూశాను. (−3, 5) ఏ పాదంలో, అంటే రెండు అక్షాలు విడదీసే నాలుగు భాగాల్లో దేనిలో ఉంటుందని అడిగితే, గుర్తుల పట్టిక బట్టీపట్టిన పిల్ల తడుముకోకుండా ‘రెండవ పాదం’ అంటుంది. అదే పిల్లకు గ్రాఫు కాగితం ఇచ్చి (0, 4)ను గుర్తించమంటే, పెన్సిలు నిలువుగా ఉన్న వై-అక్షం ఎక్కవలసింది పోయి, అడ్డంగా నాలుగు గళ్లు నడిచి ఎక్స్-అక్షం మీద ఆగుతుంది. కోనసీమలో చాలాకాలం గణితం చెప్పి పదవీ విరమణ చేసిన నేను ఈ తప్పును ఏటా దిద్దాను, కానీ దిద్దినంత మాత్రాన అది పోలేదు. నిరూపకాల అవసరం పిల్లల అనుభవంలోకి రాకముందే నియమాలు అప్పజెప్పడమే దీనికి కారణమని నా అభిప్రాయం.

ఆ అవసరం నాకే ఆలస్యంగా తెలిసివచ్చింది. ఒకసారి మా తోటలో ఒక చెట్టుకు ఎర్రముక్కు పురుగు పట్టినట్టు గమనించి, మందు పెట్టడానికి వచ్చిన మనిషికి ‘మూడో వరుస, ఐదో చెట్టు’ అని చెప్పి బడికి వెళ్లిపోయాను. నేను బోదె (చిన్న నీటి కాలువ) వైపు నుంచి లెక్కపెట్టాను, ఆయన రోడ్డు వైపు నుంచి లెక్కపెట్టాడు. మందు ఏ జబ్బూ లేని చెట్టుకు పడింది. నేను మళ్లీ చూసుకునేసరికి పురుగు మొవ్వుదాకా చేరింది. కొబ్బరికి మొవ్వు ఒక్కటే కనుక ఆ చెట్టు దక్కలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో, ఏ వైపు లెక్క ముందు వస్తుందో నేను చెప్పలేదు. మొదటిదాన్ని మనం మూలబిందువు అంటాం, రెండోదాని కోసమే క్రమయుగ్మం అనే మాట ఉంది.

ఆ మరుసటి ఏడాది నుంచి తొమ్మిదో తరగతి పిల్లలను ఆ తోటకే తీసుకువెళ్లాను. తాడు పట్టి అటూ ఇటూ 25 అడుగుల ఎడంతో నాటిన తోట, ఎకరాకు 70 చెట్ల వరకు ఉంటాయి, అంతకన్నా మంచి గ్రాఫు కాగితం మన దగ్గర లేదు. బోదె గట్టు వెంట ఉన్న వరుసను ఎక్స్-అక్షంగా, బాట పక్క వరుసను వై-అక్షంగా, ఆ రెండు వరుసలూ కలిసే చోటి చెట్టును మూలబిందువుగా పెట్టుకున్నాం. ‘మూడు, ఐదు’ అని మాత్రమే చెప్పి రెండు జట్లను పంపితే, ఒక జట్టు బోదె వెంట మూడు చెట్లు నడిచి లోపలికి ఐదు వెళ్లింది, మరో జట్టు ఐదు నడిచి మూడు వెళ్లింది, రెండు జట్లూ వేరువేరు చెట్ల కింద నిలబడి ఒకరినొకరు చూసుకున్నాయి. ‘నాలుగు, నాలుగు’ అన్నప్పుడు మాత్రం ఒకే చెట్టు దగ్గర కలుసుకున్నాయి. ఏది ముందో తేల్చమని అప్పుడు పిల్లలే అడిగారు.

బోదె దాటి అవతలి చెట్లను లెక్కపెట్టవలసి వచ్చేసరికి ఋణ సంఖ్యలు వాటంతటవే వచ్చాయి. పాదమంటే నాలుగో వంతు అని పద్యపాదాలు నేర్చిన పిల్లలకు చెప్పనక్కరలేదు. అయితే ఈ పాదాల వరుస గుడి చుట్టూ మనం చేసే ప్రదక్షిణకు ఎదురుగా నడుస్తుందని ఒకసారి నడిపించి చూపాలి. ఇక్కడ పిల్లలు తడబడితే విసుక్కోకూడదు. 1637లో ఈ విధానానికి బాట వేసిన రెనే డెకార్ట్ సైతం ఋణ నిరూపకాలను మనం వాడినట్టు వాడలేదు. నాలుగు పాదాల తలం తరువాతి వారి చేతుల్లో రూపుదిద్దుకొంది. మూలబిందువు నుంచి (3, 4) చెట్టుకు టేపు పట్టించినప్పుడు 125 అడుగులు వచ్చింది, అంటే సరిగ్గా అయిదు ఎడాలు. పదో తరగతి దూరసూత్రాన్ని వాళ్లు ముందే చేతితో కొలిచారు.

అంతర్వేది తీరంలో వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలకు ఇది పరీక్షకే పరిమితమైన సంగతి కాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ చేపలు దొరికే తావులను అక్షాంశ రేఖాంశాలతో తెలియజేస్తుంది. అయితే అక్కడ క్రమం వేరు. ఫోనులో అమలాపురం సుమారు 16.58, 82.00గా కనిపిస్తుంది, ఉత్తరపు లెక్క ముందు, తూర్పు లెక్క తరువాత. ఆ రెండింటినీ తారుమారు చేస్తే ఆర్కిటిక్ సముద్రంలో తేలతాం. ఈ తేడాను పాఠంలో విడమరచి చెప్పాలి.

గ్రాఫు కాగితం పంచే ముందు ఒక్క పీరియడు పిల్లలను బయటికి తీసుకువెళ్లమని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను. మీరు కూడా బిట్లకు బదులు ఒక వారం లంక గ్రామం పటాన్ని గళ్ల మీద అచ్చువేసి, రేవును మూలబిందువుగా తీసుకొని గుడి, బడి, మంచినీళ్ల చెరువుల నిరూపకాలు రాయమని అడగండి. జవాబులు ఇచ్చే వారం అదే పటంలో మూలబిందువును బడి దగ్గరికి మార్చి, ఒక్క ఇల్లూ కదలకుండానే అంకెలన్నీ ఎలా మారాయో పక్కపక్కన చూపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
అమలాపురం