థాంక్స్ గివింగ్ కథనంలో ఈ నాటకానికీ చోటివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా నవంబరు నాలుగో గురువారం దగ్గర పడేసరికి మన పత్రికల్లో అమెరికా వాళ్ళ థాంక్స్ గివింగ్ పండుగ మీద ఒక కథనం వస్తుంది. టర్కీ కోడి, బ్లాక్ ఫ్రైడే ఆఫర్లు, మధ్యలో 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో తెల్లవాళ్ళూ ఆదివాసులూ కలిసి విందు చేసుకున్న కథ. ఒక్క మీ పత్రికనే అనడం లేదు, అందరిదీ ఇదే వరస. ఆ కథను అక్కడ రంగస్థలం మీదే నిలదీసిన రచయిత్రి ఒకరున్నారు, ఆవిడ గురించి మాత్రం మనవాళ్ళెవరూ రాసినట్టు నా కంట పడలేదు.

ఆవిడ పేరు లారిస్సా ఫాస్ట్‌హార్స్. అమెరికా ఆదివాసుల్లో సిచాంగు లకోటా తెగ మనిషి, సౌత్ డకోటాలో పెరిగి కొంతకాలం బ్యాలే డాన్సర్‌గా చేశారు. ఆవిడ రాసిన హాస్య నాటకం ‘ది థాంక్స్ గివింగ్ ప్లే’ 2018లో రంగం మీదికొచ్చి 2023లో న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల కేంద్రమైన బ్రాడ్‌వేకి చేరింది. కథ చిన్నదే. స్కూలు పిల్లల కోసం ఎవరి మనసూ నొప్పించని థాంక్స్ గివింగ్ నాటిక తయారు చేద్దామని నలుగురు కూర్చుంటారు, నలుగురూ తెల్లవాళ్ళే. ఆదివాసీ నటి అనుకుని గ్రాంటు డబ్బుతో లాస్ ఏంజెలిస్ నుంచి పిలిపించిన అమ్మాయి కూడా, తీరా చూస్తే, రకరకాల జాతుల మనిషిలా ఫొటోలు తీయించుకున్న తెల్లమ్మాయే. ఇక అక్కణ్ణుంచి మొదలవుతుంది టెన్షన్: ఆదివాసుల తరఫున మనం మాట్లాడొచ్చా, వాళ్ళ పాత్రలు తీసేస్తే తప్పా, ఉంచితే తప్పా అని తర్జనభర్జన పడీ పడీ చివరికి ఏమీ లేని ఖాళీ స్టేజీయే అన్నిటికన్నా మంచిదని తేల్చుకుంటారు. ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కాదు, నాకు బాగా నచ్చింది అదే.

అసలు నలుగురూ తెల్లవాళ్ళే ఎందుకు? ఫాస్ట్‌హార్స్ అంతకుముందు ఆదివాసీ పాత్రలతో నాటకాలు రాస్తే, ఆ వేషాలకు నటులు దొరకరు, మేం వేయలేం అని థియేటర్ల వాళ్ళు పక్కన పెట్టేశారట. అయితే సరే, మీకు సులువుగా దొరికే నటులతోనే ఆదివాసుల గురించి రాస్తానని పట్టుబట్టి ఆవిడ ఇది రాశారు. ఆ తర్వాత దేశంలో ఎన్నో థియేటర్లు దీన్ని వేశాయి! ఆ పట్టుదల తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చావుల మీద కామెడీ ఏమిటని కొందరు అడుగుతారు. నాటకంలో ఒకచోట ఇద్దరు మగవాళ్ళు, చరిత్రను ఉన్నదున్నట్టు చూపిద్దామన్న ఉత్సాహంలో, పీక్వాట్ తెగవాళ్ళ తెగిన తలలంటూ బంతుల్లా ఆడిస్తారు. 1637లో ఇంగ్లీషువాళ్ళు మిస్టిక్ దగ్గర ఆ తెగ ఊరికి నిప్పుపెట్టి ఆడవాళ్ళూ పిల్లలతో సహా వందల మందిని చంపేశారు. అంతవరకూ పగలబడి నవ్విన వాళ్ళకు ఆ సీన్ దగ్గర నవ్వు గొంతులోనే ఆగిపోతుంది, ఉపన్యాసంతో అది అయ్యే పని కాదు.

ఇది మనకెందుకంటారా? అక్కడ పెరుగుతున్న మన తెలుగు పిల్లలు కూడా నవంబరులో కాగితం ఈకల టోపీలు పెట్టుకుని స్కూల్లో పాటలు పాడుతున్నారు, ఆ ఫొటోలు మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తే ముచ్చటపడి లైకులు కొడుతున్నాం. నాటకంలో సీన్ల మధ్య వచ్చేవి కూడా అలాంటి పాటలే, టీచర్లు ఇంటర్నెట్‌లో పెట్టుకున్న వాటినుంచి తీసుకున్నారు. పిల్లల తప్పేం లేదు, చెప్పాల్సిన పెద్దవాళ్ళకు తెలియాలి కదా.

ప్లిమత్‌లోనే 1970 నుంచి, అదే థాంక్స్ గివింగ్ రోజున, ఆదివాసులు సంతాప దినం జరుపుకుంటున్నారు. ఈసారి నవంబరులో టర్కీ ఫొటో పక్కన ఆ సంతాప దినం గురించి, ఫాస్ట్‌హార్స్ నాటకం గురించి కనీసం అర కాలమ్ వేయండి.

— మీ పాఠకురాలు, విజయవాడ