రమణకి, కాశీబుగ్గ నుంచి

ఒరే రమణా,

నీ ఉత్తరం అందింది. వాతావరణ మార్పుని చిన్న పరిశ్రమలు ఎలా తట్టుకుంటున్నాయో మీ ఆఫీసువాళ్లు రిపోర్టు రాయమన్నారా? జీడి ఫ్యాక్టరీల గురించి నాలుగు ముక్కలు రాయమన్నావు. నాలుగు ముక్కలతో ఆగే రకమా నేను? టీ పెట్టుకుని కూర్చో.

తుఫాన్ల గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మొక్క నాటితే మర్నాడే కాయదు కదా, రైతుకి ఆ దెబ్బ ఏళ్ల తరబడి తగులుతూనే ఉంది. అప్పట్నుంచి రేకుల షెడ్డు వేయించే ప్రతివాడూ బోల్టులు దగ్గర దగ్గరగా బిగించమంటున్నాడు. అదొక్కటీ ఎవరూ చెప్పకుండానే అందరూ నేర్చుకున్నారు.

ఫ్యాక్టరీని మెల్లగా తినేసేది మాత్రం తేమరా. పెంకుతో ఉన్న జీడి పిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి. కళ్లంలో ఎండబెట్టి, తేమ 8, 9 శాతానికి దిగాకే గోడౌన్లో బస్తాలు పేర్చాలి. లేదంటే లోపల బూజు పట్టి పప్పు నల్లబడుతుంది. ఆ రోజుల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే యజమాని దగ్గర్నుంచి వాచ్‌మేన్ దాకా టార్పాలిన్లు పట్టుకుని పరుగే. మన పంట చాలక ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పించే సరుకుందే, అది వానల్లో దిగిందంటే ఇక చూడు టెన్షన్.

అందుకని మా ఫ్యాక్టరీలో ఒక ఏర్పాటు చేశాం. పిక్కల్ని ఆవిరికి ఉడికించే బాయిలర్ ఉంది కదా, దానికి బొగ్గు అక్కర్లేదు, జీడి పెంకే వేసి మండిస్తాం. 80 కిలోల బస్తాకి పప్పు ఇరవై కిలోల పైచిలుకు వస్తే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పెంకే మరి. పొగగొట్టంలోంచి అంత వేడి ఊరికే పోతోందని మా ఫిట్టరు దాన్ని ఒక గదిలోకి మళ్లించాడు. పొగ నేరుగా తగిలితే సరుకు కంపు కొడుతుంది. అందుకే పొగ గొట్టాల లోపలే పోతుంది, ఆ గొట్టాల బయట వేడెక్కిన గాలిని ఒక పెద్ద ఫ్యాను పిక్కల మీదకి తోస్తుంది. ఊకతో నడిచే రైస్ మిల్లు డ్రయ్యర్లు చూసి పట్టుకున్నాడు కిటుకు. వేడి కొంచెం ఎక్కువైతే పప్పు పెళుసుబారి కోతలో విరుగుతుంది. విరగని గుండుకీ విరిగిన బద్దకీ రేటులో ఎంత తేడానో తెలుసు కదా, అందుకని తేమ మీటరు జేబులో పెట్టుకుని గంటగంటకీ చూస్తూ ఉంటాడు.

దీనికి లోను అడిగితే, ఆటోమేటిక్ కటింగ్ మెషీన్‌కైతే ఇస్తామన్న బ్యాంకువాళ్లే కుదరదన్నారు. కొటేషన్ ఏదీ అన్నారు. ఫిట్టరు సుద్దముక్కతో నేల మీద గీసినదానికి కొటేషన్ ఎక్కణ్నుంచి తెస్తాం? చివరికి యజమాని సొంత డబ్బే పెట్టుకున్నాడు.

నువ్వు పంపిన కాగితాలు చదివాను. వాతావరణ మార్పు పనుల కోసం పేద దేశాలకి 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో చెప్పాయి. ఆ అంకె అందుకునేసరికి 2022 వచ్చింది. అందులోనూ ఇలా తట్టుకునే పనులకి దక్కింది మూడో వంతు కూడా లేదు, ప్రభుత్వాల సొమ్ములో ఎక్కువ అప్పే. 2024లో బాకూ సదస్సులో, 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లన్నారు. అంకెలు బానే ఉన్నాయిగానీ, సుద్దముక్క గీతకి డబ్బు ఏ దారిన వస్తుందో మాత్రం ఏ పేజీలోనూ కనబడలేదు.

ఇక అసలు సంగతి. డ్రయ్యరు గది మొదలెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టి అందరికీ స్వీట్లు పంచాం. పొట్టు తీసే షెడ్డులో ఒక పెద్దావిడ స్వీటు తీసుకుని, "పిక్కలకి ఫేను పెట్టినారు గానీ మాకు పెట్టనేదు కదా బావూ" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆవిడన్నది నిజమేరా. ఆ షెడ్డులో ఫ్యాను వేస్తే పొట్టు ఎగిరి పప్పులో పడుతుందని వేయనివ్వరు. పైన రేకులు, మే నెల మధ్యాహ్నం, ఉక్కపోత. కూలి కిలోల లెక్క, అంచేత ఎండకి కాసేపు బయట కూర్చుంటే ఆ కాసేపటి డబ్బులు పోయినట్టే. గాలి ఒత్తిడితో పొట్టు తీసే మెషీన్లు వచ్చాయి. అవి పెడితే వేడి బాధ తీరుతుంది, ఆ బాధ పడేవాళ్ల పనీ పోతుంది. మీ రిపోర్టులో దీన్ని ఏ పద్దు కింద రాస్తారో నాకు తెలీదు. నన్నడిగితే రేకుల మీద తెల్ల సున్నం, పైన గాలికి తిరిగే వెంటిలేటర్లు, వేసవిలో పొద్దున్నే ఆరింటికి షిఫ్టు, విరామానికి కూలి. ఇందులో పెద్ద టెక్నాలజీ ఏదీ లేదు, ఆ చివరిదానికి తప్ప యజమాని కూడా సరేనంటున్నాడు. ఆ చివరిదాని మీదే రోజూ మా ఇద్దరికీ వాదన.

రిపోర్టు కోసం ఎవరినైనా పంపేటట్టయితే సంక్రాంతికి పంపకు, మే నెలలో పంపు. మధ్యాహ్నం రెండింటికి షెడ్డులోకి తీసుకెళ్తాను.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు. మీ తమ్ముడి చేత రెండు కిలోల పప్పు పంపిస్తున్నాను. బద్దే, గుండు కొనేంత జీతం ఇంకా రాలేదు.

నీ
సత్యం