బొమ్మలు గీసే సైట్లు, ఫోటోలు మార్చే సైట్లు పిల్లలకి ఇవ్వచ్చా?

తల్లిదండ్రులందరికీ నమస్తే అండి,

ఈసారి వార్తాలేఖలో యూనిట్ టెస్టుల గురించి రాద్దామనుకున్నా, కానీ ఈ టర్మ్‌లో జరిగిన రెండు సంగతులు మనసులోంచి పోవట్లేదు, అందుకే టైం టేబుల్ వెనక పేజీలో వేయించి ఈ పేజీ మొత్తం దీనికే తీసుకున్నా. పేరెంట్స్ మీటింగ్‌లో కూడా కొందరు అడిగారు, "మేడం, మావాడు ఎప్పుడు చూసినా ఆ ఫోటోలు మార్చే సైట్లలోనే ఉంటున్నాడు, బొమ్మలే కదా అని వదిలేస్తున్నాం, పర్లేదా?" అని. అప్పుడు వెనక ఇంకా లైన్ ఉంది, సరిగ్గా చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తా.

ఏడో తరగతి పాప, పేరు వద్దు, సెక్షన్ కూడా వద్దు. లంచ్ అయ్యాక నా రూం బయట నిలబడింది, రమ్మంటే రాదు, వెళ్ళమంటే వెళ్ళదు. చివరికి లోపలికొచ్చి, బడికి తేకూడదని తెలిసినా బ్యాగ్‌లో దాచి తెచ్చిన వాళ్ళమ్మ పాత ఫోన్ తీసింది. స్క్రీన్ ఒక మూల పగిలితే టేప్ వేసి ఉంది. ఆ స్క్రీన్ మీదే వేలితో గీసిందంట, రాత్రిపూట ప్రకాశం బ్యారేజీ, లైట్లన్నీ కృష్ణలో పడి పొడుగ్గా వణుకుతున్నట్టు, ఒక్కో లైటుకీ పసుపు ఒక లేయర్ (పొర), దాని మీద తెలుపు ఇంకో లేయర్. నేను మాట మర్చిపోయి బొమ్మనే చూస్తూ ఉండిపోయా. తర్వాత కింద కామెంట్లు చూపించింది. అందరూ బాగుంది అన్నవాళ్ళే, కానీ ఒకతను మాత్రం రోజూ పెడుతున్నాడు, తర్వాత విడిగా మెసేజ్‌లోకి వచ్చాడు, మీది ఏ ఊరు, ఏ స్కూలు, నీ ఫోటో ఒకటి పంపు నేను నీ బొమ్మ గీసి పంపిస్తా అని. దేవుడి దయవల్ల పాప ఫోటో పంపలేదు. మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు తల్లీ అంటే, "చెప్తే ఫోన్ తీసేసుకుంటారు మేడం, ఇంక గీసుకోడానికి ఏమీ ఉండదు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కన్నా మనమంటేనే ఎక్కువ భయపడిందా పాప.

తర్వాత నేనూ, కంప్యూటర్ సారూ, డ్రాయింగ్ మాస్టారూ కలిసి కొన్ని సాయంత్రాలు బడి వదిలాక ల్యాబ్‌లో కూర్చుని పిల్లలు చెప్పిన సైట్లు ఒక్కోటీ తెరిచి చూశాం. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం రెండు వేరే వేరే పనులున్నాయి. ఒకటి గీసుకునే పని, రంగులు దిద్దే పని. రెండోది గీసింది నలుగురికీ చూపించే పని, అంటే అకౌంటు, ఫాలోవర్లు, కామెంట్లు, మెసేజ్‌లు. మొదటిదాంతో నాకు పెద్దగా పేచీ లేదు. నా భయమంతా రెండోదాంతోనే.

మొదటి రకం చాలా ఉన్నాయి, అవీ ఫ్రీగా. విండోస్ కంప్యూటర్‌లో పెయింట్ 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ ఉంది, మనలో చాలామందిమి మౌస్ పట్టుకోవడం నేర్చుకుంది దాంట్లోనే. చిన్నపిల్లలకి టక్స్ పెయింట్ ఉంది, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అక్కర్లేదు, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. హైస్కూల్ పిల్లలకి క్రిటా, ఫోటోలు దిద్దడానికి గింప్. బ్రౌజర్‌లోనే కావాలంటే ఫోటోపీ అని ఉంది, లాగిన్ అడగదు, తెరిచిన ఫోటో మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, వాళ్ళ సర్వర్‌కి పోదు. కాకపోతే పక్కన ప్రకటనలు వస్తాయి, అందుకని పక్కన పెద్దవాళ్ళు ఉంటే మంచిది. పోస్టర్లు, కార్డులు తయారుచేసుకునే కాన్వాకి స్కూళ్ళ కోసం విడిగా ఫ్రీ వెర్షన్ ఉంది, టీచర్ పిలిస్తేనే పిల్లలు చేరేది, మనం వచ్చే టర్మ్ నుంచి అదే వాడదామనుకుంటున్నాం.

ఇవన్నీ టైం వేస్ట్ అనుకోకండి. మన డ్రాయింగ్ మాస్టారు పిల్లలకి లేయర్లంటే ఏంటో చెప్పిన పద్ధతి చూసి నేనే ఆశ్చర్యపోయా. కొండపల్లి బొమ్మ ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టారు, అంబారీ ఏనుగు. ముందు తెల్లపొణికి చెక్క, దాని మీద చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు, దాని మీద సున్నం పూత, అది ఆరాక రంగు, రంగు ఆరాక సన్న కుంచెతో గీతలు, "ఇదే మీ కంప్యూటర్‌లో లేయర్, కింద పొర ఆరకుండా పై పొర వేస్తే రెండూ చెడతాయి, కంప్యూటర్‌లో అయితే ఆరాల్సిన పని లేదు, అంతే తేడా" అన్నారు. ఆ క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు లేచి మరి చెరిపితే కింద పొర పోదా సార్ అని అడిగాడు. అలాంటి పిల్లాడికి ఆ సైట్ బంద్ చేయండని నేనైతే చెప్పలేను.

ఇక రెండో రకం. డీవియంట్ ఆర్ట్ లాంటివి, 2000 నుంచి ఉంది అది, ప్రపంచంలో ఎక్కడెక్కడి ఆర్టిస్టులో బొమ్మలు పెడతారు, నిజంగా నేర్చుకోవాల్సినవి బోలెడున్నాయి. కానీ అది పెద్దవాళ్ళ గ్యాలరీ. నగ్న చిత్రాలుంటాయి, రక్తం, హింస ఉన్నవి ఉంటాయి, వాటికి మెచ్యూర్ అని లేబుల్ పెట్టాలని రూల్, 18 లోపు వాళ్ళకి అవి కనిపించకూడదు. అయితే ఆ లేబుల్ పెట్టాల్సింది బొమ్మ ఎక్కించినవాళ్ళు, పుట్టిన సంవత్సరం టైప్ చేసేది మన పిల్లలు. మా ఆరో తరగతి పిల్లల్లో ఒకరు 1999లో పుట్టినట్టు అకౌంట్ తెరిచారు, ఎవరు చెప్పారంటే అన్నయ్య చెప్పాడంట.

ఈ 13 ఏళ్ళ రూల్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు, డీవియంట్ ఆర్ట్, పింటరెస్ట్, పిక్సార్ట్ అన్నిట్లో 13 దాటాలి అంటారు. అది అమెరికా వాళ్ళ 1998 నాటి చట్టం వల్ల వచ్చింది, 13 లోపు పిల్లల వివరాలు అమ్మానాన్నల పర్మిషన్ లేకుండా సేకరించకూడదని. 13 నిండితే లోపల ఉన్నదంతా చూడచ్చని ఎవరూ చెప్పలేదండి. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం అయితే 18 లోపు అందరూ పిల్లలే అంటోంది, మన అనుమతి ఉండాలంటోంది. కాబట్టి మా పాపకి 13 వచ్చేసింది కదా అని మీరు పక్కకి తప్పుకోకండి.

రెండో సంగతి రాయడానికి కష్టంగా ఉంది, అయినా రాస్తా. తొమ్మిదో తరగతిలో ముగ్గురు అబ్బాయిలు ఒక అమ్మాయి మొహం కోసి ఇంకో ఫోటోకి అతికించి గ్రూపులో తిప్పారు. అసభ్యమైనది కాదు, ఎగతాళికి చేసింది, కానీ ఆ పాప నాలుగు రోజులు బడికి రాలేదు. ఆ ఫోటో వాళ్ళకి ఎక్కడిదంటే మన బడి పేజీలోదే, వార్షికోత్సవం అప్పుడు మేమే పెట్టాం, పెద్ద సైజులో, కింద పేర్లతో సహా. ఆ తప్పు మాదే, ఆ అమ్మాయి తల్లిదండ్రులకి నేనే ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పా. పాత ఫోటోలన్నీ తీసేశాం, ఇకమీదట గ్రూప్ ఫోటోలే, దూరం నుంచి, పేర్లు లేకుండా, అదీ మీ సంతకం ఉంటేనే.

ఆ అబ్బాయిలు "సరదాకి చేశాం" అన్నారు. 2023 నవంబర్‌లో రష్మిక మొహం పెట్టిన నకిలీ వీడియో దేశమంతా తిరిగింది గుర్తుందా, ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకుంది మన పక్క గుంటూరు జిల్లా కుర్రాడినే, చదువుకున్న అబ్బాయిని, ఫాలోవర్ల కోసం చేశాడని పోలీసులు చెప్పారు. ఇదంతా ఎక్కడో జరుగుతుందనుకోవడానికి లేదు. పైగా ఇప్పుడు ఒక మామూలు ఫోటో ఇస్తే బట్టలు లేనట్టు తయారుచేసే సైట్లు ఉన్నాయి, పిల్లల ఫోటోతో అలాంటిది చేసినా, దాచుకున్నా, పంపినా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు అవుతుంది, చేసినవాళ్ళు పిల్లలైనా సరే పోలీసుల దాకా వెళ్తుంది. మగపిల్లల తల్లిదండ్రులు ఈ మాట ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి, మీరు చెప్తే వినే వయసు ఇంకా దాటలేదు వాళ్ళకి.

మన అలవాట్లు కూడా చూసుకోవాలి. 2025 మార్చిలో ఫోటోలు కార్టూన్‌లా మార్చుకునే పిచ్చి వచ్చినప్పుడు పిల్లల ఫోటోలు ఎక్కించింది ఎక్కువ మనమే, చంటిపిల్లలవి కూడా. ఫోన్‌తో తీసిన ఫోటోలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశామో ఆ చోటు కూడా ఫోటో లోపలే ఉంటుంది, వాట్సాప్‌లో మామూలుగా పంపితే పోతుంది గానీ డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ఆపేయండి, అర నిమిషం పని.

ఇంకోటి, చిన్నదే అనిపిస్తుంది గానీ నన్ను బాధపెట్టింది. ఎనిమిదో తరగతిలో ఐడీ కార్డులకి ఫోటోలు అడిగితే పదకొండు మంది ఆడపిల్లలు రంగు తెలుపు చేసినవి తెచ్చారు. చక్కటి పిల్లలు, కళగల మొహాలు. ఇంట్లో "నల్లబడ్డావే" అనే మాట ఎవరూ అనకుండా చూడండి, అమ్మమ్మలు, అత్తయ్యలతో సహా.

సరే, బడిలో ఏం చేస్తున్నామంటే, ఐదో తరగతి దాకా ఏ సైట్‌లోనూ అకౌంట్ వద్దు, గీసినవి కంప్యూటర్‌లోనే దాచుకుంటారు. ఆరు నుంచి ఎనిమిది దాకా ల్యాబ్‌లో ఎడిటింగ్ నేర్పిస్తాం, పూలు, గుడులు, ఉండవల్లి గుహలు, ఇవే ఫోటోలు, మనుషుల మొహాలు వద్దు. తొమ్మిది, పది వాళ్ళు అకౌంట్ పెట్టుకుంటామంటే మీకు తెలిసి పెట్టుకోవాలి, బడి పేరు, సొంత ఫోటో లేకుండా, మెసేజ్‌లు మూసేసి. చూపించుకోవాలనే ఆశ పిల్లలకి ఉంటుంది, అది తప్పు కాదు, అందుకే ఆఫీస్ రూం పక్క గోడ ఖాళీ చేయించాం, బాగున్నవి కలర్ ప్రింట్ తీసి పెడతాం. బ్యారేజీ బొమ్మ ఇప్పటికే అక్కడుంది, వచ్చినప్పుడు చూడండి.

ఒకవేళ ఏదైనా జరిగితే, ముందు తిట్టకండి, కొట్టకండి, ఫోన్ లాక్కోకండి. ఆ చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సైబర్ హెల్ప్‌లైన్ 1930, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. కేంద్రం వాళ్ళ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల విషయాలకి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వచ్చు. పిల్లల అసభ్య ఫోటో ఏదైనా బయటికి పోయుంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సర్వీస్ ఉంది, ఫోటో వాళ్ళకి పంపక్కర్లేదు, మన ఫోన్‌లోనే దాని వేలిముద్ర లాంటి నంబర్ తీసి, అందులో చేరిన కంపెనీలు దాన్ని పట్టుకుని తీసేసేలా చేస్తుంది. ఏదీ తోచకపోతే నా దగ్గరికి రండి, ఏ టైం అయినా పర్లేదు, పేరు బయటికి రాదు.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3కి ల్యాబ్‌లో ఇవన్నీ మీ ఫోన్లలోనే సెట్ చేసి చూపిస్తాం. బీసెంట్ రోడ్డులో షాపులున్నవాళ్ళకి శనివారం కుదరదని తెలుసు, వాళ్ళకోసం ఆదివారం పొద్దున 10కి మళ్ళీ పెట్టాం. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రండి, మెయిల్ పాస్‌వర్డ్ గుర్తు చేసుకుని రండి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రండి, వాళ్ళ అకౌంట్ వాళ్ళ ముందే తెరుద్దాం.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్,
విజయవాడ