స్త్రీల మైత్రి వార్షిక నివేదిక: పెద్దవ్వను తలుచుకున్న ఏడాది

గౌరవనీయులైన అధ్యక్షురాలికి, గురువుగారికి, సంఘ పెద్దలకు, సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఏడాది మన హనుమకొండ మైత్రి చేసిన పనుల్లో ముందుగా చెప్పవలసింది, ఈస్టరుకు ముందటి శ్రమకాలంలో ప్రభువునందు నిద్రించిన మన పెద్దవ్వ జ్ఞాపకార్థ కూడిక. తన పేరు ఏ పలక మీదా చెక్కించవద్దని ఆమె పిల్లలకు చెప్పి వెళ్లారు గనుక, ఈ నివేదికలోనూ మనం పిలుచుకున్న పిలుపుతోనే ఆమెను తలుచుకుంటున్నాను.

పిడికెడు బియ్యం కానుక గురించి సభ్యులకు చెప్పనక్కరలేదు. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ పెద్దవ్వ అందులోంచి ఒక పిడికెడు తీసి, మూత సొట్టబోయిన పాత పాలపొడి డబ్బాలో వేసి, ఆ తరువాతే మిగతావి కడిగేవారు. బియ్యం దొరకని కరువు రోజుల్లో జొన్నలు వేశారట. ఆదివారం ఆరాధన మొదలుకాక ముందే ఆ డబ్బాను బల్ల దగ్గరి గంపలో ఒంపి, ఖాళీ డబ్బా ఒడిలో పెట్టుకొని కూర్చునేవారు. చివరి రోజుల్లో వేళ్లు ముడుచుకోక పిడికిలి సగమే నిండుతుంటే, రెండుసార్లు తీసి వేసేవారు. అది నేను కళ్లారా చూశాను.

ఆమె విశ్వాసానికి విత్తు పడింది డోర్నకల్‌లో. ఇంగ్లండు సంఘ సంప్రదాయంలోని ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు సేవ చేసిన చోటు అది. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి ఎపిఫనీ దేవాలయంలో గుడి మండపాల వంటి స్తంభాలూ, మసీదుల వంటి గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. చిన్నప్పుడు ఆ స్తంభాల మధ్య నిలబడి పైకి చూస్తుంటే, ఇది పరాయి వాళ్ల గుడి కాదు, మనదేనని తల్లి చెప్పిందని పెద్దవ్వ పలుమార్లు గుర్తుచేసుకునేవారు. ఆంగ్లికన్ సంఘమూ మరికొన్ని సంఘాలూ కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడిన 1947 నాటికి ఆమె ఇంకా పలక పట్టని పిల్ల. పెళ్లయ్యాక ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు దిద్దుకొని, మొట్టమొదట కూడబలుక్కొని చదివింది 23వ కీర్తన. చీరముక్కలో చుట్టిన ఆమె బైబిలులో ఆ పేజీ ఒక్కటే వేలి రాపిడికి నలిగి పలచబడింది.

జ్ఞాపకార్థ కూడికను పాటలతో, సాక్ష్యాలతో, భోజనంతో సరిపెట్టకుండా, వచ్చేవారంతా ఇంటి నుంచి పిడికెడు బియ్యం తేవాలని అడిగాం. పిల్లలు జేబుల్లో పోసుకొని వచ్చారు. ఎన్నడూ మన గుడి మెట్లెక్కని వాడకట్టు అమ్మలు సైతం, తమ కాన్పుల్లో పెద్దవ్వ చేసిన సేవను మరువలేక, చాటల్లో తెచ్చారు. గంప నిండిపోయి చాప పరచవలసి వచ్చింది. ఆ బియ్యాన్ని ఒంటరి వృద్ధుల ఇళ్లకు చేర్చాం. నేను ఎరిగినంతలో మన మైత్రి ఇంతకు మించిన కూడిక జరపలేదని గర్వంగా రాస్తున్నాను. వాక్యం అందించిన గురువుగారికి, పాటల బృందానికి, కిరాయి తీసుకోకుండా టెంటు వేసిన సోదరునికి, అంట్లు తోమిన యౌవనులకు మా కృతజ్ఞతలు.

బాధ కలిగించిన సంగతులు కూడా చెప్పాలి. ఆ బియ్యం పంచడానికి పేర్లిచ్చిన వారిలో సగం మంది మూటలు మోసే రోజున రాలేదు, ఫోను కూడా ఎత్తలేదు. ఆరుగురమే ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. సమాధుల తోట దారి బాగుచేయించాలని మూడుసార్లు అర్జీ ఇచ్చినా చూస్తామన్న మాటే తప్ప ఎవరూ రాలేదు. చివరికి పెద్దవ్వ పెట్టెను మురుగు నీటిలోంచే మోసుకుపోయాం.

మట్టల ఆదివారం, కోత పండుగ వేలం, క్రిస్మస్ చీరల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు సరిచూశాం, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు.

పెద్దవ్వ డబ్బాను ఆమె కోడలు మైత్రికి అప్పగించారు. అద్దాల బీరువాలో ఉంచుదామని కొందరు అన్నా, అది నెలకొక ఇంట్లో ఉండి ప్రతి ఆదివారం నిండి రావాలని కమిటీ తీర్మానించింది. మొదటి నెల నేను తీసుకుంటున్నాను. తరువాతి వంతులకు ఈ సభలోనే పేర్లు రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి